నాలుగు కాగితాలు - ఒక రాష్ట్రం



మన రాష్ట్ర చరిత్రలోని ముఖ్య ఘట్టాల గురించి ఈ ప్రత్యేక సంచికకు ఒక వ్యాసం వ్రాయవలసిందిగా కార్యవర్గం వారు కోరారు. నేను చరిత్ర పండితుణ్ణి కాను. రెవెన్యూ శాఖలో ఎల్.డి.సి.గా చేరి, ముప్పయ్యారేళ్లు ఫైళ్ల మధ్య గడిపి పదవీ విరమణ చేసిన గుమాస్తాను. అందుచేత చరిత్రను కూడా ఫైలు చదివినట్టే చదవడం నాకు అలవాటు. ఏ కాగితం ఎప్పుడు వచ్చింది, దాని మీద ఎవరెవరు సంతకాలు చేశారు, ఆ తర్వాత ఏం చర్య తీసుకున్నారు - ఈ మూడూ చూస్తే చాలావరకు విషయం బోధపడుతుంది.

అలా చూసినప్పుడు మన రాష్ట్ర చరిత్ర నాలుగు కాగితాల చుట్టూ తిరిగినట్టు నాకు కనిపిస్తుంది. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక, 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం, 1973 నాటి ఆరు సూత్రాల పథకం, 2014 నాటి పునర్విభజన చట్టం. మనం చూసిన ఉద్యమాలు, సమ్మెలు, కర్ఫ్యూలు చాలావరకు వీటిలో ఏదో ఒక కాగితం కోసం వచ్చినవి, లేదా ఏదో ఒక కాగితం అమలు కాకపోవడం వల్ల వచ్చినవి. పైగా చివరి మూడింటిలోనూ ఉద్యోగుల సంగతే ప్రధానాంశాలలో ఒకటి. అందుకే ఇది నాయకుల చరిత్ర మాత్రమే కాదు, మన చరిత్ర కూడా.

సరిహద్దు మీది ఊరు

ఈ చరిత్రను చూడడానికి మా తిరువూరు కంటే అనువైన చోటు ఉండదనుకుంటాను. 1948కి పూర్వం మా తాలూకా మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లాకు చివర ఉండేది. కొద్ది మైళ్లు పోతే నైజాం ఇలాకా. ఇవతల ఇంగ్లీషు రూపాయి, అవతల హాలీ సిక్కా. సుమారు ఆరు ఇంగ్లీషు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు మారకం. సరుకు దాటించాలంటే కరోడ్‌గిరి వారికి సుంకం కట్టాలి.

రెవెన్యూ శాఖలో పనిచేసిన వారికి ఇంకో తేడా బాగా తెలుసు. ఇక్కడ కరణం అయితే అక్కడ పట్వారీ. ఇక్కడ మునసబు అయితే అక్కడ మాలీ పటేలు. ఇక్కడ రెవెన్యూ ఇన్‌స్పెక్టరు అయితే అక్కడ గిర్దావరు. ఇక్కడ ఎకరానికి నూరు సెంట్లు, అక్కడ ఎకరానికి నలభై గుంటలు. ఇక్కడి తాలూకా ఆఫీసులో ఇంగ్లీషు, అక్కడ ఉర్దూ. కానీ రెండు వైపులా రైతు మాట్లాడేది తెలుగే. గట్టుకు అటూ ఇటూ పిల్లను ఇచ్చి పుచ్చుకోవడాలు, పశువుల సంతలు, తిరునాళ్లు ఎప్పుడూ ఆగలేదు.

ఆ సరిహద్దు కూడా తిన్నగా ఉండేది కాదు. నైజాం రాజ్యం మధ్యలో ఉన్న మునగాల పరగణా మన కృష్ణా జిల్లాకు చెందినది. మన జిల్లా మధ్యలో ఉన్న పరిటాల, దాని చుట్టుపక్కల కొన్ని గ్రామాలు నిజాముకు చెందినవి. 1947 ఆగస్టులో దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా పరిటాలకు రాలేదు. చివరకు ఆ ఏడు నవంబరులో అక్కడి ప్రజలే తమ గ్రామాలకు స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. ఇక మునగాల సంగతి చూడండి. అక్కడి రాజా నాయని వెంకట రంగారావు గారి వద్ద దివానుగా పనిచేసినవారు కొమర్రాజు లక్ష్మణరావు పంతులు గారు. పెనుగంచిప్రోలులో పుట్టిన ఆయన కృషి, రాజా వారి అండ కలిసి 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది. రాజ్యాలు వేరైనా భాష ఒకటేనన్న మాటకు ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

రజాకార్ల దౌర్జన్యాలకు తాళలేక 1947-48లో ఎన్నో కుటుంబాలు సరిహద్దు దాటి కృష్ణా జిల్లా గ్రామాల్లో తలదాచుకున్నాయి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి నైజాం పాలన ముగిసింది. రాజ్యం పోయింది గాని సరిహద్దు పోలేదు. అది పోవడానికి మరో ఎనిమిదేళ్లు పట్టింది.

మొదటి కాగితం: శ్రీబాగ్

ఆంధ్ర రాష్ట్రం కావాలన్న కోరిక 1913 మే నెలలో బాపట్లలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభ నాటిది. దానికి బయ్యా నరసింహేశ్వర శర్మ గారు అధ్యక్షులు. కాంగ్రెసు వారు 1918లో ఆంధ్రకు ప్రత్యేక రాష్ట్ర సంఘాన్ని ఇచ్చారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలో ప్రారంభమైంది. అక్కడే మొదటి తగవు వచ్చింది. విశ్వవిద్యాలయం అనంతపురంలో ఉండాలని రాయలసీమ వారి కోరిక. అది 1930లో విశాఖపట్నం చేరింది. సీమ జిల్లాల కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయం కిందనే ఉండిపోయాయి. రేపు రాష్ట్రం వస్తే కోస్తా వారు మమ్మల్ని పట్టించుకుంటారా అన్న అనుమానం సీమ వారి మనసులో నాటుకుంది.

ఆ అనుమానాన్ని తీర్చడానికే 1937 నవంబరు 16న మద్రాసులో పెద్దలు కూర్చున్నారు. ఆంధ్రపత్రిక స్థాపకులు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి భవనం పేరు శ్రీబాగ్. ఆ పేరే ఒడంబడికకు వచ్చింది. కొండా వెంకటప్పయ్య గారు, పట్టాభి సీతారామయ్య గారు, సీమ నుంచి కల్లూరు సుబ్బారావు గారు, పప్పూరు రామాచార్యులు గారు మొదలైన వారు సంతకాలు చేశారు. సారాంశం మూడు ముక్కల్లో చెప్పవచ్చు. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం పెట్టాలి. తుంగభద్ర, కృష్ణ, పెన్న నదుల నీటి విషయంలో పదేళ్ల పాటు సీమకు మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి. రాజధాని, హైకోర్టు - ఈ రెంటిలో ఒకటి సీమకు, ఒకటి కోస్తాకు. ఏది కావాలో కోరుకునే హక్కు సీమది.

మద్రాసు నుంచి కర్నూలుకు

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత రాష్ట్రం వెంటనే వస్తుందనుకున్నారు. 1948లో ధార్ కమిషన్ భాషా రాష్ట్రాలు వద్దన్నది. జవహర్‌లాల్, వల్లభ్‌భాయి, పట్టాభి గార్ల సంఘం 1949లో మద్రాసు నగరం మీద ఆశ వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రం ఇవ్వవచ్చునన్నది. 1951లో స్వామి సీతారాం గారు 35 రోజులు ఉపవాసం చేశారు. 1952 అక్టోబరు 19న మద్రాసు మైలాపూరులోని బులుసు సాంబమూర్తి గారి ఇంట పొట్టి శ్రీరాములు గారు దీక్షకు కూర్చున్నారు. డిసెంబరు 15 రాత్రి ప్రాణాలు విడిచారు. ఆ తర్వాత కోస్తా పట్టణాల్లో రైళ్లు ఆగాయి, కాల్పులు జరిగాయి, మనుషులు పోయారు. నాలుగు రోజులకు, డిసెంబరు 19న, ప్రధాని నెహ్రూ గారు ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రకటించారు. మద్రాసు నగరం మాత్రం మనకు రాలేదు.

1953 అక్టోబరు 1న పదకొండు జిల్లాలతో ఆంధ్ర రాష్ట్రం కర్నూలులో అవతరించింది. టంగుటూరి ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి, సి.ఎం. త్రివేది గారు గవర్నరు. బళ్లారి పట్టణం మైసూరుకు పోయి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మనకు వచ్చాయి. కోస్తాలో చాలామంది బెజవాడ కావాలని పట్టుబట్టినా, శ్రీబాగ్ మాట ప్రకారం రాజధాని సీమకు వెళ్లింది. హైకోర్టు 1954 జూలైలో గుంటూరులో ప్రారంభమైంది. ఈ నాలుగు కాగితాలలో ఇచ్చిన మాట చాలావరకు నిలబెట్టుకున్న సందర్భం అదేనని నా అభిప్రాయం.

దాన్ని నిలబెట్టినవారిలో మన పూర్వపు గుమాస్తాలు కూడా ఉన్నారు. మద్రాసులో కరెంటు, ట్రాము, బడి, ఆసుపత్రి ఉన్న జీవితాన్ని వదిలి, ట్రంకు పెట్టెలు, ఫైళ్ల మూటలతో కర్నూలు చేరారు. చాలినన్ని కట్టడాలు లేవు. గుడారాలలో ఆఫీసులు, గుడారాలలో కాపురాలు. కర్నూలు ఎండ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మూడేళ్లు తిరిగేసరికి మళ్లీ మూటలు కట్టి హైదరాబాదు వెళ్లవలసి వచ్చింది. కొత్త రాష్ట్రపు మొదటి ఉత్తర్వులు ఆ గుడారాలలోనే టైపు అయ్యాయి.

రాజధాని ఊళ్లు తిరగడం మనకే ప్రత్యేకం కాదు. మన సభ్యులలో కొందరి పిల్లలు ఉంటున్న అమెరికా పశ్చిమ తీరపు కాలిఫోర్నియా సంగతే చూడండి. ఆ రాష్ట్రం 1850 సెప్టెంబరు 9న ఆ దేశంలో చేరింది. మొదటి నాలుగైదేళ్లలోనే దాని రాజధాని సాన్‌హోసే, వల్లేహో, బెనీషియా దాటి 1854లో శాక్రమెంటో చేరింది. అక్కడ చేరాక ఇక కదలలేదు. మనం మద్రాసు నుంచి కర్నూలుకు, కర్నూలు నుంచి హైదరాబాదుకు, హైదరాబాదు నుంచి అమరావతికి అరవై ఏళ్ల పైచిలుకు కాలంలో తిరిగాం. ప్రతి తరం ఉద్యోగులూ ఒకసారి సామాను సర్దుకున్నారు.

రెండో కాగితం: పెద్దమనుషుల మాట

హైదరాబాదు రాష్ట్రంలో ముల్కీ నిబంధనలు 1919 నుంచి అమలులో ఉన్నాయి. పదిహేనేళ్లు స్థిర నివాసం ఉన్నవారే అక్కడ సర్కారీ ఉద్యోగానికి అర్హులు. పోలీసు చర్య తర్వాత బయటి నుంచి ఉద్యోగులు ఎక్కువగా రావడంతో 1952లోనే అక్కడ ముల్కీ ఆందోళన చెలరేగింది. కనుక ఉద్యోగాల భయం విశాలాంధ్రకు ముందు నుంచీ ఉన్నదే.

ఫజల్ అలీ కమిషన్ 1955లో ఇచ్చిన నివేదికలో, తెలంగాణను కొంతకాలం విడిగా ఉంచి, 1961 ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే కలపవచ్చునని సూచించింది. కాని అంత దాకా ఆగలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలోని హైదరాబాద్ హౌస్‌లో ఇరువైపుల నుంచి నలుగురేసి పెద్దలు కూర్చున్నారు. ఆంధ్ర నుంచి బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు గార్లు. తెలంగాణ నుంచి బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు గార్లు. తెలంగాణ మిగులు ఆదాయం అక్కడే ఖర్చు చేయాలి. ఉద్యోగాలకు పన్నెండేళ్ల నివాసం నియమం. ప్రాంతీయ మండలి ఉండాలి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు కావాలి. ఇవీ ముఖ్యాంశాలు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మా తిరువూరు వారికి ఆ రోజున జరిగింది ఒక్కటే - గట్టు అవతలి ఊరు మన రాష్ట్రమైంది. 1959లో మునగాల నల్గొండ జిల్లాకు, భద్రాచలం, వెంకటాపురం తాలూకాలు తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు మారాయి. ఇక వీటిని ఎవరూ సరిహద్దులుగా తలవరని అందరూ అనుకున్నారు.

నాగార్జునసాగర్ కూడా ఈ కలయికతో ముడిపడినదే. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన, 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు. ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మం జిల్లాలు దాటి మన కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతానికి చివరగా వస్తుంది. రెండు ప్రాంతాలు ఒకే రాష్ట్రంలో ఉన్న రోజుల్లో చివరి భూములకు నీరు అందడం ఇంజనీర్ల సమస్య. రాష్ట్రాలు రెండైన తర్వాత అదే నీరు బోర్డుల సమస్య, ముఖ్యమంత్రుల సమస్య అయింది. ఆ తేడా ఏమిటో మా ప్రాంతపు రైతుకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు.

సచివాలయంలో, శాఖల్లో అసలు చిక్కు ఉమ్మడి సీనియారిటీ దగ్గర వచ్చింది. మద్రాసు రూల్సు కింద చేరినవారు, హైదరాబాదు రూల్సు కింద చేరినవారు ఒకే జాబితాలోకి రావాలి. ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న తగాదాలు ఏళ్ల తరబడి సాగాయి. ప్రమోషను రాకుండానే రిటైరైన వారు రెండు వైపులా ఉన్నారు. పెద్దమనుషుల కాగితానికి చట్టబలం లేదు. మొదటి మంత్రివర్గంలోనే ఉప ముఖ్యమంత్రి పదవి లేదు. మిగులు నిధుల లెక్క తేల్చడానికి 1969లో కుమార్ లలిత్ కమిటీ, ఆ తర్వాత జస్టిస్ భార్గవ కమిటీ వేయవలసి వచ్చింది. పన్నెండేళ్ల తర్వాత లెక్క చూడడమంటే ఆడిట్ అభ్యంతరానికి రిటైరయ్యాక జవాబు వ్రాయడం వంటిది.

రెండు మంటలు: 1969, 1972

1969 ఉద్యమం మా సరిహద్దు అవతలి ఖమ్మం జిల్లాలోనే రాజుకుంది. కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఉద్యోగాలు స్థానికేతరులకు పోతున్నాయన్న బాధతో మొదలై, ఆ జనవరిలో ఖమ్మంలో ఒక విద్యార్థి నిరాహార దీక్షకు కూర్చోవడంతో ఊళ్లకు ఊళ్లు కదిలాయి. స్థానికేతర ఉద్యోగులను వెనుకకు పంపాలన్న జీవో 36 జనవరి 21న వచ్చింది. మార్చిలో సుప్రీంకోర్టు నివాస నియమపు చట్టంలోని ప్రధాన సెక్షనును కొట్టివేసింది. తెలంగాణ ఎన్జీవోలు సమ్మె చేశారు. ఎంతోమంది యువకులు కాల్పుల్లో చనిపోయారు.

మూడేళ్లు తిరిగేసరికి మంట గట్టు ఇవతలికి వచ్చింది. 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పు ఇచ్చింది. మన రాజధానిలో మనమే పరాయివాళ్లమా అని కోస్తా, సీమ విద్యార్థులు, ఉద్యోగులు లేచారు. ప్రత్యేకాంధ్ర కావాలన్నారు. మన జిల్లా నాయకులు కాకాని వెంకటరత్నం గారు ఉద్యమం నడుమనే 1972 డిసెంబరు 25న కన్నుమూశారు. ఆంధ్ర ఎన్జీవోల సమ్మె డిసెంబరులో మొదలై మరుసటి ఏడు మార్చి దాకా 108 రోజులు సాగింది.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. ప్రొబేషను పూర్తికాని వాళ్లం పదిమందిమి ఒకే వరుసలో కూర్చునేవాళ్లం. సర్వీసు రిజిస్టరులో ఏం వ్రాస్తారోనన్న భయం ఒకవైపు, సీనియర్లను విడిచి లోపలికి పోలేని మొహమాటం ఇంకొకవైపు. మూడు నెలలకు పైగా జీతం లేదు. ఇంటి దగ్గర నుంచి బియ్యం వచ్చేవారికి గడిచింది. అద్దె ఇళ్లలో పిల్లలతో ఉన్నవారు కిరాణా కొట్టు అరువు మీద, భార్య ఒంటి మీది బంగారం మీద నెట్టుకొచ్చారు. ఆ అప్పులు తీరడానికి కొందరికి రెండేళ్లు పట్టింది. 1969లో అవతలివైపు గుమాస్తా ఇంట్లో కూడా ఇదే జరిగి ఉంటుందని ఆ రోజుల్లో మాలో ఎవరికీ తోచలేదు. తర్వాత ఖమ్మం నుంచి వచ్చిన తోటి ఉద్యోగులతో కలిసి పనిచేసినప్పుడు విన్నాను. ఊరి పేర్లు మారితే కథ ఒకటే.

మూడో కాగితం: ఆరు సూత్రాలు

పి.వి. నరసింహారావు గారి మంత్రివర్గం 1973 జనవరిలో తప్పుకుంది. రాష్ట్రపతి పాలన వచ్చింది. సెప్టెంబరు 21న ఆరు సూత్రాల పథకం వెలువడింది. డిసెంబరు 10న జలగం వెంగళరావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన మా పొరుగున ఉన్న ఖమ్మం జిల్లా వారే.

ఈ కాగితానికి, ముందు రెంటికీ ఒక పెద్ద తేడా ఉంది. దీన్ని సంతకాలతో వదిలిపెట్టలేదు. రాజ్యాంగాన్ని సవరించి 371-డి అధికరణం చేర్చారు. ముల్కీ నిబంధనలను రద్దు చేశారు. 1975 అక్టోబరు 18న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. రాష్ట్రాన్ని ఆరు జోన్లుగా చేశారు. మన కృష్ణా జిల్లా ఉభయ గోదావరి జిల్లాలతో కలిసి రెండో జోను. ఖమ్మం అయిదో జోను. జిల్లా స్థాయి ఎల్.డి.సి. వంటి పోస్టులలో నూటికి 80 స్థానికులకు. ఉద్యోగుల తగాదాలకు అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్. హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయం కూడా ఈ పథకం కింద వచ్చినదే.

కోస్తా, తెలంగాణ వారిద్దరికీ ఇది పూర్తిగా నచ్చలేదు. అయినా నలభై ఏళ్లు రాష్ట్రాన్ని కలిపి ఉంచింది ఇదే. మా వంటి సరిహద్దు ఊళ్లలో మాత్రం దీనివల్ల కొత్త చిక్కులు వచ్చాయి. ఇల్లు, పొలం తిరువూరు తాలూకాలో. పిల్లవాడు మేనమామ ఇంట్లో ఉండి చదివింది సత్తుపల్లిలో. రూలు ప్రకారం చదివిన చోటు చూస్తారు కాబట్టి కొడుకు తండ్రి జిల్లాలో నాన్‌లోకల్ అవుతాడు. స్టడీ సర్టిఫికెట్లు, నివాస ధ్రువపత్రాలు పట్టుకుని ఎంతమంది తండ్రులు మన బల్లల ముందు నిలబడ్డారో మన రెవెన్యూ మిత్రులకు గుర్తుండే ఉంటుంది.

రాజ్యాంగంలో వ్రాసినా అమలు చేసేది మనుషులే గదా. జోన్ల నియమాలను దాటి నియామకాలు జరిగాయని తెలంగాణ ఉద్యోగులు ఫిర్యాదు చేయగా 1985 డిసెంబరు 30న జీవో 610 వచ్చింది. అదీ సరిగా అమలు కాలేదంటే 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేశారు. ఒక జీవో అమలు అయిందో లేదో చూడడానికి పదహారేళ్ల తర్వాత కమిషన్! మన ఆఫీసులో రిమైండరు మీద రిమైండరు వచ్చినా కదలని ఫైలు ఒకటో రెండో ఉంటాయి. ఆ ఫైలు మీద ఒక ప్రాంతపు మనసు ఆధారపడి ఉందని ఎవరూ గ్రహించలేదు.

నడుమ వచ్చిన రెండు మార్పులు

ఒప్పందాలతో సంబంధం లేకపోయినా రెండు సంగతులు చెప్పకపోతే మన సభ్యులు ఊరుకోరు. 1983 ఫిబ్రవరిలో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించింది. ఫిబ్రవరి 28న ఒక్కరోజే 18 వేల మందికి పైగా ప్రభుత్వోద్యోగులు ఇంటికి వెళ్లారు. ఆడపిల్ల పెళ్లి పెట్టుకున్నవారు, ఇంటి అప్పు వాయిదాలు మిగిలినవారు ఒక్కసారిగా పెన్షను కాగితాలకు తిరిగారు. 1984లో మళ్లీ 58 వచ్చింది. ఆ మధ్యలో వెళ్లిపోయిన వారి సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

రెండోది, 1984లో కరణం, మునసబు, పటేలు, పట్వారీ పదవుల రద్దు, 1985లో మండలాల ఏర్పాటు. తాలూకాలు పోయి ఈ పరిసరాల్లో తిరువూరు, గంపలగూడెం, విస్సన్నపేట, ఎ.కొండూరు మండలాలు వచ్చాయి. వంశపారంపర్యంగా వచ్చినవారు నొచ్చుకున్నారు. కాని గట్టుకు అటూ ఇటూ ఊరి అధికారికి ఒకే పేరు రావడం అప్పుడే మొదలు. రాష్ట్రం ఏర్పడిన 28 ఏళ్లకు గ్రామం స్థాయిలో పరిపాలన ఒకటైంది.

నాలుగో కాగితం: 2014

తర్వాతి కథ మన పిల్లలకు కూడా తెలిసినదే. 2009 నవంబరు 29న కె. చంద్రశేఖరరావు గారి దీక్ష, డిసెంబరు 9న కేంద్రం ప్రకటన, 2010లో శ్రీకృష్ణ కమిటీ, 2011లో అవతల 42 రోజుల సకల జనుల సమ్మె, 2013లో ఇవతల రెండు నెలలకు పైగా సమైక్యాంధ్ర సమ్మె. 2014 ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదం, జూన్ 2న రెండు రాష్ట్రాలు. రెండు సమ్మెల్లోనూ ముందు నిలబడింది గుమాస్తా, టీచరు, డ్రైవరు, అటెండరు.

2014 జూన్ 2న మా ఊరికి సరిహద్దు తిరిగి వచ్చింది. 58 ఏళ్ల తర్వాత గట్టు అవతలి ఊరు మళ్లీ పొరుగు రాష్ట్రం. 1959లో ఖమ్మం జిల్లాకు వెళ్లిన భద్రాచలం ప్రాంతంలో కొన్ని మండలాలు పోలవరం ముంపు కారణంగా తిరిగి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. సచివాలయం, శాఖాధిపతుల కార్యాలయాల ఉద్యోగులను పంచడానికి కమలనాథన్ కమిటీ వేశారు. భర్త ఒక రాష్ట్రానికి, భార్య ఇంకో రాష్ట్రానికి పోకుండా చూడమని ఎన్ని దరఖాస్తులు వచ్చాయో ఆ కమిటీకే తెలుసు. పెన్షను భారాన్ని జనాభా నిష్పత్తిలో, అంటే 58.32 - 41.68 చొప్పున, పంచుకోవాలని చట్టంలో వ్రాశారు. ఎవరి పెన్షనూ ఆగకపోవడం మన అదృష్టం.

హైకోర్టు 2019 జనవరి 1 నుంచి వేరైంది. పదేళ్ల ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2తో ముగిసింది. తొమ్మిదో, పదో షెడ్యూళ్లలోని సంస్థల ఆస్తుల పంపకం మాత్రం ఆ గడువులో తెమలలేదు. 2024 జూలై 6న ఇద్దరు ముఖ్యమంత్రులు హైదరాబాదులో కూర్చుని విభజన సమస్యల గురించి మాట్లాడవలసి వచ్చిందంటే, నాలుగో ఫైలు కూడా పదేళ్లకు మూతపడలేదన్నమాట. ఈలోగా 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చి తిరువూరు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరి, రెవెన్యూ డివిజను కేంద్రమైంది. ఇప్పుడు డెబ్బై అయిదు దాటినవారు ఇల్లు కదలకుండానే మద్రాసు, ఆంధ్ర, ఆంధ్రప్రదేశ్, విభజిత ఆంధ్రప్రదేశ్‌లలో బ్రతికి, రెండు జిల్లాల పేర్లు చిరునామాలో వ్రాసుకున్నారు.

ఈ నాలుగు ఫైళ్లు చెప్పేది

మన ఆఫీసు పద్ధతిలో పని ముగిసిన కాగితాలకు వేరువేరు ముద్రలుంటాయి. కొద్దికాలం ఉంచి చించివేసేదానికి ఎల్.డిస్. శాశ్వతంగా భద్రపరచవలసినదానికి ఆర్.డిస్. ఈ నాలుగు కాగితాలూ ఆర్.డిస్. వేయవలసినవి. కాని పెద్దలు మొదటి రెంటినీ ఎల్.డిస్. లాగా చూశారు. శ్రీబాగ్ ప్రకారం ఇచ్చిన రాజధాని, హైకోర్టు రెండూ 1956లో హైదరాబాదు వెళ్లాయి. సీమకు చెప్పిన నీటి ప్రాధాన్యం గురించి తర్వాత ఎవరూ గట్టిగా అడగలేదు. పెద్దమనుషుల మాటకు అడిగేవాడు, జవాబు చెప్పేవాడు లేకపోయారు. చట్టబలం ఉన్న ఆరు సూత్రాలు నలభై ఏళ్లు నిలిచాయి. అవి కూడా అమలు లోపం వల్లనే చివరకు వీగిపోయాయి.

రాష్ట్రం కలిసి ఉండడం మంచిదా, విడిపోవడం మంచిదా అన్నది ఇక్కడ నేను తేల్చబోవడం లేదు. మన సంఘంలో రెండు అభిప్రాయాల వారూ ఉన్నారు. అవతలి పెన్షనర్లతో మనకు బంధుత్వాలూ ఉన్నాయి. నేను చెప్పదలచింది ఒక్కటే. ఒప్పందం మీద సంతకాలు చేసిన రోజు ఫోటోలు పత్రికల్లో వస్తాయి. ఆ ఒప్పందం నిలిచేది మాత్రం ఆ తర్వాత ప్రతి ఏడూ దాన్ని బయటికి తీసి, ఏది జరిగింది, ఏది జరగలేదు అని చూసే నమ్మకమైన మనిషి ఒకడు ఉంటేనే. ఆ పని చేయనందుకు అయిన ఖర్చు ఉద్యోగుల జీతాలలో, రైతుల నీటిలో, యువకుల ప్రాణాలలో వసూలైంది.

చివరగా ఒక మనవి. 1969, 1972 నాటి సమ్మె కరపత్రాలు, ఉమ్మడి సీనియారిటీ జాబితాలు, కర్నూలు నుంచి హైదరాబాదు బదిలీ అయిన ఉత్తర్వులు, తాలూకా రోజుల రబ్బరు స్టాంపులు మన సభ్యుల ఇళ్లలో అటకల మీద ఇంకా ఉండి ఉంటాయి. పాత కాగితాలని పిల్లలు అమ్మివేయక మునుపే వాటిని సంఘం కార్యాలయానికి అందజేస్తే ఒక బీరువాలో భద్రపరచవచ్చు. కాగితం లేనివారు తమకు గుర్తున్నది రెండు పేజీలు వ్రాసి ఇవ్వవచ్చు. వ్రాయలేనివారి దగ్గర మనవలు కూర్చుని వ్రాసుకోవచ్చు. నాయకుల చరిత్రను పుస్తకాలు చూసుకుంటాయి. ఆ ఉత్తర్వులను టైపు చేసినవారి చరిత్రను మనమే ఆర్.డిస్. చేయాలి.